మేనమామ పోలిక

మేనమామ పోలికొస్తే అదృష్టమంటారు. నా పాత స్టూడెంటు ఒకడికి ముక్కు, నడక, నవ్వితే ఎడమ బుగ్గ మీద పడే సొట్ట అన్నీ మేనమామవే. ముప్పై నాలుగో ఏట ఆయన దగ్గరున్నదే ఇంకోటి వచ్చింది. వెన్నులో, నరం మీద గడ్డ.

అతను విశాఖ పోర్టులో క్రేన్ ఆపరేటరు. షిఫ్టంతా పైన క్యాబిన్‌లో కూర్చుని కిందికి వంగి చూడాలి. అలాంటివాడు నడుంనొప్పి అంటే ఆశ్చర్యపోయేవాళ్లెవరు? సయాటికా అన్నారు, బెల్టు పెట్టారు, నెలల తరబడి ఫిజియోథెరపీ చేయించారు. కూర్చుంటే కాదు, పడుకుంటేనే నొప్పి ఎక్కువవుతోందని, రాత్రి రెండింటికి లేచి బాల్కనీలో నిలబడితే కాస్త తగ్గుతోందని అతను ప్రతిసారీ చెప్పాడట. ఎవరూ చెవిన పెట్టలేదు. పని నొప్పి పడుకుంటే తగ్గాలి. పడుకున్నాక పెరిగే నొప్పి వేరే జాతిది. చివరికి ఎమ్మారై తీస్తే నడుం దగ్గర, వెన్నుపాము సంచిలోనే, ఒక నరం వేరుకి అంటుకుని ద్రాక్షపండంత గడ్డ. మెడ దగ్గర ఇంకోటి, చిన్నది. పెద్దదాన్ని తీసేశారు. క్యాన్సర్ కాదన్నారు.

ఆపరేషనైన రెండు నెలలకి, ఒక ఆదివారం సాయంత్రం వాళ్లమ్మని వెంటబెట్టుకుని ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చాడు. చేతిలో రెండు పెద్ద ఫిల్ము కవర్లు. ఒకటి తనది. రెండోది పదకొండేళ్ల నాటిది, మేనమామది. ఆయనకీ ఇలాంటి గడ్డే తీశారని ఇంట్లో అందరికీ తెలుసు. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చూడాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. నేను డాక్టర్ని కాను, డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. జన్యువుల పాఠం నా దగ్గరే విన్నాడు కాబట్టి నన్ను అడగడానికొచ్చాడు.

మాట మొదలుపెట్టింది వాళ్లమ్మ. భీమిలి వైపు మనిషి. "మాది మేనరికం మాస్టారూ. దానివల్లే ఇదంతా. వీడు బయటి పిల్లని సేసుకున్నాడు గనక పాపకి బయం నేదు. అంతే కదా?"

ఆ ప్రశ్నకి సమాధానం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఆ ఒక్క ముక్క నమ్మాలంటే కొంచెం దూరం నడవాలి.

ముంజా, పీచుమామిడీ

వెన్నుపాము నుంచి రెండు పక్కలకీ 31 జతల నరాలు బయల్దేరతాయి. ఆ నరాల్లోని పోగుల చుట్టూ పొరలుపొరలుగా చుట్టుకుని ఉండే కణాలున్నాయి. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త థియోడోర్ ష్వాన్ పేరు మీద వాటిని ష్వాన్ కణాలంటారు. తీగకి తొడుగులాంటివి. తొడుగు కణమే అదుపు తప్పి పెరిగితే వచ్చే గడ్డ ష్వానోమా. వెన్ను దగ్గర ఇది ఎక్కువగా స్పర్శ, నొప్పి మోసుకొచ్చే వెనక వేరు మీదే పుడుతుంది. అందుకే చాలామందికి ముందు నొప్పో తిమ్మిరో వస్తుంది, బలం తగ్గడం తర్వాత. నడకలో పట్టు తప్పడం, ఒంటికీ రెంటికీ అదుపు పోవడం దాకా వస్తే గడ్డ వెన్నుపాముని నొక్కుతోందని అర్థం. అప్పుడిక రేపూ ఎల్లుండీ అనకూడదు.

రిపోర్టుల్లో దీనికి కవల సోదరిలా కనిపించే మాట ఒకటుంది, న్యూరోఫైబ్రోమా. రెండూ నరం గడ్డలే, కానీ తీరు వేరు. ష్వానోమా తాటిముంజ లాంటిది. దానికో పొర ఉంటుంది, నరంలోని పోగుల్ని పక్కకి నెట్టి పెరుగుతుంది. చెయ్యి తిరిగిన సర్జన్ పొర చీల్చి లోపలిదాన్ని ముంజలా జారదీయగలడు, మిగతా పోగులు చాలావరకు దక్కుతాయి. న్యూరోఫైబ్రోమా పీచుమామిడి. మన సువర్ణరేఖలా ముక్క కోసుకోవడానికి కుదరదు. గుజ్జూ పీచూ కలిసిపోయినట్టు గడ్డా నరమూ ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి.

ఈ తేడా వంశం దగ్గరికొచ్చేసరికి ఇంకా ముఖ్యం. న్యూరోఫైబ్రోమాలు కుటుంబంలో నడిస్తే వేలు చూపించాల్సింది 17వ క్రోమోజోమ్ మీదున్న ఎన్ఎఫ్1 అనే జన్యువు వైపు. ఒంటి మీద కాఫీరంగు మచ్చలుంటాయి, సుమారు మూడువేల మందిలో ఒకరికి వస్తుంది, జన్యువు 1990లోనే దొరికింది. ష్వానోమాలు నడిస్తే వెతకాల్సింది 22వ క్రోమోజోమ్ మీద. మా వాడి రిపోర్టులో, మేనమామ రిపోర్టులో రెండింట్లోనూ ఉన్నమాట ష్వానోమాయే.

ఇక్కడ ఒకటి చెప్పకపోతే ఇది చదివినవాళ్లు సగం మంది ఈ రాత్రి నిద్రపోరు. వెన్నులో ష్వానోమా వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అది ఒక్కటే వస్తుంది, నడివయసులోనో ఆ తర్వాతో వస్తుంది, తీసేస్తే అక్కడితో సరి. వంశంతో దానికి సంబంధం లేదు. పాతికా ముప్పైలోపు వచ్చినా, ఒకటికి మించి ఉన్నా, రక్తసంబంధీకుల్లో ఇంకొకరికి ఉన్నా అప్పుడు వంశం గురించి అడగాలి. మా వాడికి రెండు గడ్డలు, పైగా మేనమామ.

ఒకే వీధిలో మూడిళ్లు

మనిషి క్రోమోజోముల్లో మొట్టమొదట దాదాపు పూర్తిగా చదివి అచ్చేసింది 22వదాన్నే, 1999 డిసెంబరులో. చిన్నది కాబట్టి తేలికని మొదలుపెట్టారు. ఆ చిన్నదాని మీదే మన కథకి కావలసిన మూడు జన్యువులూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. వరసగా చెప్పాలంటే ముందు ఎల్‌జెడ్‌టీఆర్1, తర్వాత స్మార్క్‌బీ1, ఇంకాస్త ముందుకెళ్తే ఎన్ఎఫ్2. ఒకే వీధిలో మూడిళ్లనుకోండి. వీధి కూడా ఒకటి కాదు, అచ్చం ఒకేలాంటివి రెండు. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది.

మూడింటిలో ముందు బయటపడింది ఎన్ఎఫ్2, 1993లో. రెండు బృందాలు ఇంచుమించు ఒకేసారి పట్టుకున్నాయి. అది తయారుచేసే ప్రొటీన్‌కి ఒక బృందం మెర్లిన్ అని పేరు పెట్టింది. దాని పోలికలున్న మూడు ప్రొటీన్ల పేర్లలోంచి అక్షరాలు ఏరి కూర్చిన పేరది, ఇంగ్లిష్ కథల్లో మాంత్రికుడి పేరు కూడా అయి కూర్చుంది. చుట్టూ కణాలు కిక్కిరిసిపోయినప్పుడు "ఇక చాలు, విభజన ఆపు" అని చెప్పడం మెర్లిన్ పని. ఎన్ఎఫ్2 పుట్టుకతోనే పాడైతే రెండు చెవుల నరాల మీదా గడ్డలొస్తాయి. వినికిడి తగ్గుతుంది. వెన్నులో ష్వానోమాలతో పాటు వెన్నుపాము లోపల కూడా వేరే రకం గడ్డలు రావచ్చు.

కానీ కొన్ని కుటుంబాలున్నాయి. ఒళ్లంతా ష్వానోమాలే, వెన్నులో, చేతుల్లో, కాళ్లలో. చెవులు మాత్రం శుభ్రంగా ఉంటాయి. వాళ్ల రక్తంలో ఎన్ఎఫ్2 చూస్తే నిక్షేపంగా ఉంది. గడ్డ కోసి చూస్తే అందులో మాత్రం ఎన్ఎఫ్2 పాడై ఉంది. ఇదెక్కడి చోద్యమని పరిశోధకులు చాలాకాలం తల పట్టుకున్నారు. 2007లో నెదర్లాండ్స్ పరిశోధకులు అలాంటి ఒక కుటుంబంలో స్మార్క్‌బీ1 పాడై ఉందని చూపించారు. అయినా కొన్ని కుటుంబాలు మిగిలిపోయాయి. 2014లో వాళ్లలో చాలామందికి ఎల్‌జెడ్‌టీఆర్1 దొరికింది. స్మార్క్‌బీ1 చేసేది డీఎన్ఏ చుట్టల్ని ఎక్కడ విప్పాలి, ఎక్కడ మూసి ఉంచాలి అనే పనిలో ఒక చెయ్యి. ఎల్‌జెడ్‌టీఆర్1 కణాన్ని పెరగమని తరిమే ప్రొటీన్లకి "ఇది పారెయ్యండి" అని చీటీ అంటించే పనిలో ఉంటుంది. ఈ జబ్బుకి పేరు ష్వానోమాటోసిస్. మిగతా నరాల గడ్డల జబ్బుల్లో లేనంతగా ఇందులో ముందుకొచ్చేది నొప్పి. గడ్డ చిన్నదైనా నొప్పి పెద్దదిగా ఉండొచ్చు, గడ్డ కనపడని చోట కూడా ఉండొచ్చు. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పని చెయ్యవు, నరాల నొప్పికి ఇచ్చే మందులు వేరే ఉన్నాయి.

పాత ఫైళ్లున్నవాళ్ల కోసం ఒక మాట. ఎన్ఎఫ్2 వల్ల వచ్చే జబ్బుని దశాబ్దాలుగా న్యూరోఫైబ్రోమాటోసిస్ టైప్ 2 అన్నారు. అందులో వచ్చేవి న్యూరోఫైబ్రోమాలు కానే కావు, ష్వానోమాలు. 2022లో అంతర్జాతీయ నిపుణులు కూర్చుని ఈ పేర్లు సరిచేశారు. ఇప్పుడు మూడూ ష్వానోమాటోసిస్‌లే, ముందు ఏ జన్యువో చెప్తారు. అందుకని అన్నకి ఒక పేరూ చెల్లికి ఒక పేరూ రాసుంటే జబ్బులు వేరనుకోకండి, రాసిన సంవత్సరాలు చూడండి.

తుఫాను వచ్చిన రాత్రి

అసలు చిక్కుముడి ఇప్పుడొస్తుంది. పుట్టుకతో పాడైంది ఎల్‌జెడ్‌టీఆర్1 అయితే, గడ్డలో ఎన్ఎఫ్2 ఎందుకు పాడై ఉంటుంది?

మళ్లీ వీధుల దగ్గరికి రండి. మా వాడికి వాళ్లమ్మ ఇచ్చిన వీధిలో మొదటి ఇంటి తలుపు ఊడిపోయి వచ్చింది. ఒంట్లో ప్రతి కణంలోనూ అంతే. ఏం ఫరవాలేదు, నాన్న ఇచ్చిన వీధిలో అదే ఇల్లు బాగానే ఉంది, పని నడుస్తుంది. ఇలా ఏళ్లకేళ్లు గడుస్తాయి. ఎప్పుడో ఒక ష్వాన్ కణం రెండుగా చీలేటప్పుడు పొరపాటు జరిగి, నాన్న ఇచ్చిన వీధి మొత్తం, లేదా అందులో పెద్ద ముక్క, గల్లంతవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని ఏం చేసిందో చూసినవాళ్లకి వీధికి వీధి పోవడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒక్క దెబ్బకి మంచి ఎల్‌జెడ్‌టీఆర్1 పోయింది, దాంతో పాటే ఒక మంచి ఎన్ఎఫ్2 కూడా పోయింది. ఇప్పుడా కణంలో మిగిలింది అమ్మ ఇచ్చిన వీధి ఒక్కటే. అందులో ఎన్ఎఫ్2 ఇంకా నిలబడే ఉంది. ఎప్పుడో ఒకనాడు దానికీ ఒక దెబ్బ తగులుతుంది. అప్పుడు ఆ కణానికి ఆపేవాడు లేడు. గడ్డ మొదలవుతుంది.

అంటే పాడైనవి నాలుగు (రెండు ఎల్‌జెడ్‌టీఆర్1లు, రెండు ఎన్ఎఫ్2లు), జరిగిన సంఘటనలు మూడు. అందులో వంశం నుంచి వచ్చింది ఒక్కటే. మిగతా రెండూ ఆ కణంలో, ఆ మనిషి బతుకులో జరిగినవి. కుటుంబంలో దిగేది గడ్డ కాదు, ఊడిన తలుపు ఒకటి.

ఈ దెబ్బల లెక్కని మొదట చెప్పింది ఆల్ఫ్రెడ్ నడ్‌సన్, 1971లో, పిల్లల కంటి క్యాన్సర్ల లెక్కలు చూసి. ఆయన చెప్పింది రెండు దెబ్బలు. వంశపారంపర్యంగా వచ్చిన పిల్లలకి ఒక దెబ్బ పుట్టుకతోనే తగిలి ఉంటుంది, అందుకే వాళ్లకి త్వరగా, ఒకటికి మించి వస్తాయి. ష్వానోమాటోసిస్ అదే లెక్కని ఇంకాస్త సాగదీసింది.

దీన్నించి వచ్చే ఒక పనికొచ్చే సంగతి మన ఆసుపత్రుల్లో చాలామంది రోగులకి ఎవరూ చెప్పరు. ఒకే మనిషి ఒంట్లోని రెండు గడ్డల్ని పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే, పుట్టుకతో వచ్చిన లోపం రెండింట్లోనూ ఒకటే ఉంటుంది. గల్లంతైన వీధీ రెండింట్లోనూ ఒక వైపుదే. ఎన్ఎఫ్2కి తగిలిన దెబ్బ మాత్రం దేనికదే వేరు. అలాకాకుండా రెండు గడ్డల్లోనూ ఎన్ఎఫ్2 మీద ఒకే దెబ్బ కనిపించి, రక్తంలో మాత్రం కనపడకపోతే, కథ వేరు. గర్భంలో పిండం ఎదుగుతుండగా ఏదో ఒక దశలో ఎన్ఎఫ్2 పాడై, ఒంట్లో కొంత భాగానికే ఆ లోపం వచ్చిందన్నమాట. అప్పుడు పిల్లలకి దిగే అవకాశం సగం కన్నా తక్కువ. ఈ తేడా రక్తపరీక్ష ఒక్కటే చెప్పలేదు. గడ్డ కావాలి.

గడ్డ ఎక్కడుంటుంది? ఆపరేషన్ తర్వాత దాన్ని పారెయ్యరు. ఫార్మలిన్‌లో ఊరబెట్టి, స్పిరిట్‌లో నీరు పిండి, మైనంలో పోసి అగ్గిపెట్టెకన్నా చిన్న ప్లాస్టిక్ డబ్బీలో అచ్చు తీస్తారు. దాన్నే బ్లాక్ అంటారు. దాంట్లోంచి ఉల్లిపొరకన్నా సన్నగా చెక్కి అద్దం మీద పెట్టి చూస్తారు. డబ్బీ అంచున నంబరు పెన్సిలుతో రాస్తారు, ఎందుకంటే ఆ రసాయనాల్లో ఇంకు నిలవదు. మైనంలో ఉన్న ఆ ముక్క మామూలు గదిలో ఏళ్ల తరబడి ఉంటుంది. డీఎన్ఏ కాస్త తునకలవుతుంది గానీ చదవడానికి పనికొస్తుంది. డిశ్చార్జి రోజు మనం బిల్లులడుగుతాం, ఫిల్ములడుగుతాం, బ్లాక్ అడిగేవాళ్లని నేను చూడలేదు. అడగండి. కనీసం ఆ నంబరు రాసుకోండి.

మా వాడి బ్లాక్ తేలిగ్గానే దొరికింది. మేనమామది దొరకడానికే నాలుగుసార్లు తిరగాల్సొచ్చింది. ఆయనకి ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో మొదట "పదకొండేళ్ల నాటిది ఎక్కడుంటుందండీ" అన్నారు. రెండోసారి రికార్డు రూమ్ తాళం లేదన్నారు. ఆఖరికి ల్యాబ్ కుర్రాడొకడు జాలిపడి అట్టపెట్టెలు దింపి వెతికితే దొరికింది. అరచేతిలో పెట్టుకుని "ఇంతేనా మాస్టారూ" అన్నాడు మా వాడు. ఇంతే.

మేనరికానికి ఇందులో పాత్రేమిటి

మేనరికం చేసుకుంటే పిల్లలకి జబ్బులొస్తాయన్న మాట మన దగ్గర ఇప్పుడు అందరికీ తెలుసు. సగమే తెలుసు, అదే చిక్కు. కొన్ని జబ్బులు రావాలంటే అమ్మ ఇచ్చిందీ నాన్న ఇచ్చిందీ రెండు నకళ్లూ పాడై ఉండాలి. మన ఏజెన్సీలో కనిపించే, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ అలాంటిది. ఒక్క నకలే పాడైనవాళ్లు మామూలుగానే ఉంటారు. బంధువుల్లో ఒకే లోపం ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి మేనరికంలో ఆ రెండూ పిల్లల దగ్గర కలుసుకుంటాయి.

ష్వానోమాటోసిస్‌కి ఒక్క నకలు పాడైతే చాలు. భార్యాభర్తలు బంధువులా, పరాయివాళ్లా అన్నదాంతో పనిలేదు. తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర లోపముంటే ప్రతి బిడ్డకీ దిగే అవకాశం సగానికి సగం. నాణెం ఎగరేసినట్టు. మొదటి బిడ్డకి బొమ్మ పడింది కాబట్టి రెండో బిడ్డకి బొరుసే పడాలన్న రూలు లేదు.

చదువుకున్నవాళ్లకి కూడా ఇక్కడ ఒక సందేహం వస్తుంది. నాకు క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు వేసిన ప్రశ్నే. కణంలో రెండు నకళ్లూ పోతేనే గడ్డ వస్తుందన్నారు, మళ్లీ మనిషికి ఒక్కటి చాలంటున్నారు, ఏది నిజం? రెండూ నిజమే. కణం లెక్క వేరు, మనిషి లెక్క వేరు. ఒక్క ష్వాన్ కణాన్ని తీసుకుంటే రెండో నకలు పోవడం చాలా అరుదు. కానీ ఒంట్లో ష్వాన్ కణాలు కోట్లున్నాయి. ఎక్కడో అక్కడ, ఎప్పుడో అప్పుడు, ఒక కణంలో ఆ అరుదైనది జరిగే తీరుతుందని ఇంచుమించు అనుకోవచ్చు. అందుకని కుటుంబ వృక్షంలో చూస్తే ఒక్క లోపంతోనే జబ్బు నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

కాబట్టి వాళ్లమ్మకి చెప్పాల్సిన ఒక్క ముక్కా ఇదీ: బయటి సంబంధం చేసుకోవడం వల్ల పాపకి రక్షణేమీ లేదు. చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కోడలి మీద ఇన్నాళ్లూ లేని గౌరవం ఈ ఒక్క కారణానికే మొదలైందని, అది కాస్తా పోయిందని మా వాడు తర్వాత నవ్వుతూ చెప్పాడు.

కానీ మేనరికాన్ని పూర్తిగా పక్కన పెట్టెయ్యడానికీ లేదు, ముఖ్యంగా ఈ ఇంట్లో. మా వాడి తమ్ముడికి అదే మేనమామ కూతుర్ని ఇద్దామన్న మాట నడుస్తోంది. ఎల్‌జెడ్‌టీఆర్1కి ఒక రెండో ముఖముంది. అందులో కొన్ని రకాల లోపాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తే బిడ్డకి నూనన్ సిండ్రోమ్ అనే వేరే జబ్బు రావచ్చు. గుండె నిర్మాణంలో తేడాలు, పొట్టి ఎదుగుదల, ముఖంలో మార్పులు. మేనమామ లోపం కూతురికి దిగే అవకాశం సగం, చెల్లెలి దగ్గర అదే లోపముంటే ఆవిడ చిన్నకొడుక్కి దిగే అవకాశం సగం. ఇద్దరికీ దిగి ఉండే అవకాశం నాలుగోవంతు. పెళ్లి మానుకొమ్మని కాదు, తాంబూలాలకి ముందు రెండు రక్తపరీక్షలు.

ఏమీ లేని ఆవిడ

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మనిషి ఆపరేషనైన ఇద్దరూ కాదు, మధ్యలో ఉన్న ఆ తల్లి. అరవై ఆరేళ్లు. నడుంనొప్పి అంటే ఏమిటో తెలీదు. బిందెడు నీళ్లు చంకన పెట్టుకుని మేడ ఎక్కుతుంది. అన్నకి వచ్చింది, కొడుక్కి వచ్చింది, తనకేం లేదు. "నాకే నేనప్పుడు నానెలా ఇస్తాను?" అన్నది ఆవిడ వాదన. మన కళ్లతో చూస్తే న్యాయమైన వాదనే.

మూడు జన్యువుల్లో ఎల్‌జెడ్‌టీఆర్1 ఇలా దాక్కోవడంలో ఘనాపాటి. లోపమున్నా జీవితాంతం ఒక్క గడ్డా రానివాళ్లున్నారు. జబ్బు తరం దాటేసినట్టు కనిపిస్తుంది, నిజానికి దాటదు, ఒక తరంలో నిశ్శబ్దంగా నడిచి వెళ్తుంది. ఈ జన్యువులో లోపాలు జనాభాలో జబ్బుకన్నా ఎక్కువమంది దగ్గరే ఉన్నాయి. ఎన్ఎఫ్2 అలా కాదు, పుట్టుకతో పాడైతే తప్పించుకునేవాళ్లు దాదాపు ఉండరు. స్మార్క్‌బీ1 ఈ రెండింటికీ మధ్యన. దాని సంగతి ఇంకా విచిత్రం, ఆ జన్యువు పూర్తిగా మూగబోయే రకం లోపమొస్తే పసిపిల్లల్లో రాబ్డాయిడ్ అనే ప్రమాదకరమైన క్యాన్సర్ వస్తుంది. కాస్త నత్తిగా పనిచేసే రకం లోపమొస్తే పెద్దయ్యాక ష్వానోమాలు. ఒకే జన్యువు, ఎక్కడ ఎలా చెడిందన్నదాన్ని బట్టి రెండు వేర్వేరు తలరాతలు.

అందుకే జన్యు రిపోర్టు చేతికొచ్చినప్పుడు జాతకం వచ్చినట్టు చదవకూడదు. లోపముందంటే గడ్డ వస్తుందని కాదు. లోపం కనపడలేదంటే వంశపారంపర్యం కాదని కూడా కాదు. ఒక్కోసారి "మార్పు ఉంది గానీ దాని అర్థం తెలియదు" అని కూడా రాస్తారు. అది తేలేది తరచు కుటుంబంలోని ఇంకో ఇద్దరి రక్తం చూశాకే. కుటుంబాల్లో నడిచే ష్వానోమాటోసిస్‌లో ఎక్కువ భాగం స్మార్క్‌బీ1, ఎల్‌జెడ్‌టీఆర్1లతోనే తేలుతుంది. కొందరికి మాత్రం ఏ పేరూ దొరకదు.

విశాఖలో ఆపరేషన్‌కి, స్కానింగ్‌కి ఇప్పుడు కొరతేం లేదు. పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ 1923 నుంచీ ఉంది, ఆరిలోవ వైపు పెద్దపెద్ద ఆసుపత్రులు లేచాయి, ఆంధ్రా యూనివర్సిటీలో మానవ జన్యుశాస్త్ర విభాగం కూడా ఉంది. కానీ కుటుంబాన్ని కూర్చోబెట్టి మూడు తరాల చెట్టు గీసి, ఏ పరీక్ష ముందో ఏది తర్వాతో చెప్పే జెనెటిక్ కౌన్సెలింగ్ కోసం వాళ్లు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లారు. అక్కడ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగముంది, డీఎన్ఏ పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది. రెండు బ్లాకులు, మా వాడి రక్తం, వాళ్లమ్మ రక్తం పరీక్షకి ఇచ్చి వచ్చారు.

పాపకి ఎనిమిదేళ్లు. ఆమెకి ఇప్పుడే పరీక్ష చేయించాలా అన్నదాని మీద ఇంట్లో రెండు వారాలు రభస జరిగింది. తండ్రి వద్దన్నాడు, తల్లి కావాలంది. కౌన్సెలర్ చెప్పింది నాకు సబబుగా అనిపించింది: ఎన్ఎఫ్2 అయితే చిన్నతనం నుంచే చెవులూ కళ్లూ చూడాలి కాబట్టి ముందే చేయించడంలో లాభముంది. ఎల్‌జెడ్‌టీఆర్1 అయితే లక్షణాలు లేని పిల్లకి యుక్తవయసు వచ్చేదాకా తొందర లేదు, అప్పటికి ఆ పిల్లకీ ఒక మాట ఉంటుంది. ఆ వయసులో మొదలుపెట్టి కొన్నేళ్లకోసారి మెదడుకీ వెన్నుకీ ఎమ్మారై తీసి చూస్తారు. ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు. ఈ లోపాలున్నవాళ్లకి రేడియేషన్ చికిత్స విషయంలో కూడా డాక్టర్లు ఆచితూచి అడుగేస్తారు, మామూలు గడ్డ క్యాన్సర్‌గా మారే ప్రమాదం కొంచెమైనా పెంచుతుందేమోనని.

రెండో బిడ్డ మాటేమిటని కోడలు అడిగింది, అత్తగారు వంటింట్లో ఉన్నప్పుడు. కుటుంబంలో లోపమేదో కచ్చితంగా తెలిస్తే గర్భంలో ఉండగానే పరీక్షించొచ్చు. లింగనిర్ధారణని నిషేధించిన 1994 నాటి చట్టమే జన్యు జబ్బుల కోసం ఈ పరీక్షల్ని అనుమతిస్తుంది, ఆడా మగా అన్నది మాత్రం చెప్పకూడదు. కడుపు పడకముందే, ఐవీఎఫ్‌లో, అంటే ఒంటి బయట ల్యాబ్‌లో తయారుచేసిన పిండాన్ని పరీక్షించే దారీ ఉంది, ఖర్చు ఎక్కువ. గడ్డ వస్తుందో రాదో తెలియని, వచ్చినా చాలావరకు క్యాన్సర్ కాని జబ్బుకి అంత దూరం వెళ్లాలా అన్నది ఆ ఇద్దరూ తేల్చుకోవాల్సింది. నేను అభిప్రాయం చెప్పలేదు. అడిగారు గానీ చెప్పలేదు.

రిపోర్టు రావడానికి చాలా వారాలే పట్టింది. ఎల్‌జెడ్‌టీఆర్1. మేనమామ గడ్డలో, మా వాడి గడ్డలో, రక్తంలో అదే మార్పు. ఎన్ఎఫ్2 మీద దెబ్బ మాత్రం ఒకరిది ఒక చోట, ఇంకొకరిది ఇంకో చోట. వాళ్లమ్మ రక్తంలోనూ ఉంది, నలభై ఆరు క్రోమోజోముల్లో ఒకదాని మీద, అరవై ఆరేళ్లుగా చప్పుడు చెయ్యకుండా.

కాగితం మీద రెండు వీధులు గీసి ఆవిడకి మళ్లీ చెప్పాను. ఇదీ మీరిచ్చింది, ఇందులో మొదటింటికి తలుపు లేదు. ఇదీ మీ ఆయనిచ్చింది, ఇది బాగానే ఉండేది, కానీ గడ్డ మొదలైన కణంలో కొట్టుకుపోయింది ఇదే. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఆ రెండో గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"అయితే నాది చెడిపోయినా నిలబడింది. ఆయనది మంచిదే గానీ నిలబడనేదు" అంది. "ఇంటికెళ్లి సెప్తానుండు."